మిషను బల్ల మీద స్టీరింగు

మొన్న విజయనగరంలో, మా కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పే ఒకావిడ భోజనానికి పిలిచింది. తిన్నాక, "మా ఆయన కొత్త బొమ్మ చూద్దువుగాని రా" అంటూ లోపలి గదికి తీసుకెళ్ళింది. ఆయన బ్యాంకు ఆఫీసరు. నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలిన పెద్దమనిషి, గోడంత తెర ముందు అచ్చం కారు సీటులాంటి దాంట్లో కూర్చుని, చేతికి తొడుగులు కూడా వేసుకుని రేసు కారు తోలుతున్నాడు. తెర మీద వాన పడుతోంది. అద్దం మీద చినుకులు జారుతున్నాయి, తడిసిన రోడ్డులో ఆకాశం మెరుస్తోంది. "చూశారా మేడమ్, ఒక్క కుదుపు లేదు!" అన్నాడు మురిసిపోతూ. నాకు వేరే మాట తోచక, "హారనుందా అండీ?" అని అడిగాను. ఆయన కారు ఆపి మరీ నా వైపు చూశాడు. "రేసు కారుకి హారనెందుకు మేడమ్?" నేను నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో బయటికొచ్చేశాను. ఆ ప్రశ్న నాది కాదు, మా నూకాలు పిన్నిది. శ్రీకాకుళంలో మా అద్దె ఇంట్లో, మా పాత కంప్యూటరు ముందు, ఇలాంటి ఆటే ఆడుతూ ఆవిడ అడిగిన ప్రశ్న అది.

అప్పుడు నేను పాలిటెక్నిక్ చదువుతున్నాను. ముందుగదిలో ఒక పక్క అమ్మ కుట్టుమిషను, దాన్ని ఆనుకుని నాన్న కంప్యూటరు. అమ్మ వీధిలో సగం మంది ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది. నాన్న గుమాస్తా. ఆఫీసులో కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు పక్కన పడేసిన వాటిలోంచి ఒకటి తెచ్చుకున్నాడు. తెచ్చిన రోజే దానికి పసుపు రాసి బొట్టు పెట్టాడు. అమ్మ చేత పూల అంచు కుట్టించి గుడ్డ కప్పాడు. నెలకోసారి ఆ గుడ్డ ఉతికేవాడు, తన చొక్కాలు ఒక్కటీ ఉతుక్కోని మనిషి. దాన్ని ఆన్ చేస్తే ముందు మూలిగేది, తరవాత గుండె దడలాంటి చప్పుడొకటి వచ్చేది, ఆ తరవాత ఎండిన దుమ్ము కాలిన వాసన. మేం ఈలోగా టీ పెట్టుకుని తాగి గ్లాసులు కడుక్కుని వచ్చినా తెర మీద ఇంకా గడియారం గుర్తు తిరుగుతూనే ఉండేది. "తొందరపెట్టకు. ఆఫీసులో పనిచేసొచ్చింది, నెమ్మదిగానే లేస్తుంది" అనేవాడు నాన్న, తన గురించి చెప్పుకున్నట్టు.

నూకాలు పిన్ని అమ్మకి చెల్లెలు. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉండేది. తెల్లారకుండానే పడవల దగ్గర కానాగంతలు, కవళ్ళు, దొరికిన రోజున వంజరాలు, ఇలాంటి చేపలు వేలంలో పాడుకుని, శ్రీకాకుళం బజారుకి తెచ్చి అమ్మేది. అమ్మకం అయ్యాక మా ఇంటికొచ్చి, పెరట్లో కుళాయి కింద శీకాయతో చేతులు మోచేతుల దాకా తోముకుని, నిమ్మచెక్క కూడా రుద్దుకుని, అన్నం తిని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళేది. ఎంత తోముకున్నా ఆవిడ వచ్చి వెళ్ళిన గదిలో చేపలు, కొబ్బరినూనె, నిమ్మకాయ కలిసిన వాసన సాయంత్రం దాకా నిలబడేది. నాకు ఆ వాసన వస్తే ఇల్లు నిండుగా ఉందనిపించేది.

వాళ్ళకి సొంతంగా చిన్న సరుకుల బండి ఒకటుంది. ఎర్రయ్య బాబాయ్ తోలేవాడు. ఆయనకి షుగరు వల్ల చూపు మసకబారింది. బండి ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. అప్పటినుంచి జీతానికి డ్రైవర్లని పెడితే ఒకడు తెల్లారేక లేచేవాడు, ఇంకొకడు చేపలు ఒడ్డున ఉండగా బండేసుకుని పెళ్ళికి పోయాడు. గతిలేక పిన్ని టబ్బులు ఎత్తుకుని బస్సెక్కితే కండక్టరు ముక్కు మూసుకుని ఒక్కోసారి దించేసేవాడు. బాబాయ్ దగ్గర తనే నేర్చుకుందామంటే ఆ నేర్చుకోవడం ఎప్పుడూ ఊరి పొలిమేర దాటలేదు. బాబాయ్ పక్కన కూర్చుని అరిచేవాడు, పిన్ని బండి నడిరోడ్డు మీద ఆపేసి తలుపు ధడేల్న వేసి ఇంటికి నడిచిపోయేది. చూపు లేని బాబాయ్, తోలేవాళ్ళు లేని బండి, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళేదాకా రోడ్డు మీద అలా ఉండిపోయేవారు.

ఆ వేసవి సెలవుల్లో నా స్నేహితురాలు పెన్ డ్రైవులో కారు రేసుల ఆట ఒకటి ఇచ్చింది. ఉత్తుత్తి ఆట కాదు, గేర్లు తప్పు వేస్తే ఇంజను ఆగిపోయే రకం. వాళ్ళన్నయ్య వాడి పక్కన పడేసిన ప్లాస్టిక్ స్టీరింగు, రెండు పెడళ్ళు కూడా ఇచ్చింది. నేను ఆడుతుంటే పిన్ని పెరుగన్నం గిన్నె పట్టుకుని వెనకాల నిలబడి చాలాసేపు చూసింది.

"ఒలమ్మీ, ఇది గుద్దితే ఏటవుతాది?"

"ఏం కాదు పిన్నీ. మళ్ళీ మొదలెట్టుకోవచ్చు."

"తిడతాదేటి?"

"తిట్టదు."

గిన్నె కింద పెట్టేసింది. "అయితే లెగు. నేను దీని మీద నేర్సుకుంతాను."

స్టీరింగు బిగించడానికి కంప్యూటరు బల్ల పనికిరాలేదు, తిప్పితే బల్లంతా తిరిగిపోతోంది. గట్టిగా ఉన్నది అమ్మ కుట్టుమిషను బల్ల ఒక్కటే. మిషను తల లోపలికి మడిచేసి, పైన మోనిటరు పెట్టి, అంచుకి స్టీరింగు బిగించాం. కింద పెడళ్ళు రెండే, క్లచ్చి లేదు. పిన్ని ఒప్పుకోలేదు. "క్లచ్చి లేని బండి బండేటే? నేను ఎడం కాలు ఏటి సేసుకోవాల?" అంది. చివరికి మిషను కింద ఉన్న ఇనప తొక్కుడు పలకనే క్లచ్చి అనుకోమన్నాను. గేరు మార్చినప్పుడల్లా పిన్ని ఎడమకాలితో దాన్ని తొక్కేది, పక్కన మిషను చక్రం ఊరికే గిర్రున తిరిగేది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "నా మిషను మీద నువ్వు ఏ ఊరు ఎల్తన్నావే?" అని అడిగేది. ఎదురింటివాళ్ళ పెళ్ళి జాకెట్లు మాత్రం అలాగే మూటలో ఉండిపోయాయి.

అంతా బాగానే ఉంది గాని, ఆట నడవలేదు. కారు కదలడానికి బదులు ఫోటో తరవాత ఫోటోలా వచ్చేది. చెట్టు ఒకసారి దూరంగా కనిపించేది, మళ్ళీ చూస్తే మన మీద ఉండేది. స్టీరింగు తిప్పితే కారు ఆలోచించుకుని, కాసేపటికి తిరిగేది. నాకు చదువు అబ్బిందో లేదో గాని పట్టుదల మాత్రం వచ్చింది. రోజూ పొద్దున్న కూర్చుని ఆటలోంచి ఒక్కొక్కటే తీసేయడం మొదలెట్టాను. ముందు నీడలు తీసేశాను. తరవాత కారు మీద మెరుపు తీసేశాను. బొమ్మ చిన్నది చేశాను. వెనక ఊరికే నడుస్తున్న ప్రోగ్రాములు ఆపేశాను, తెర మీద నాన్న పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి పటం కూడా తీస్తే కొంత తేలికవుతుందేమో అన్నాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆయన వల్ల ఏదీ నెమ్మదించదు" అన్నాడు. స్వామి ఉండిపోయాడు. ఇక మిగిలినవి అద్దం, జనం, ఆకాశం. వెనకవైపు చూసే అద్దం తీసేసిన రోజున పిన్ని కారు కదపనన్నది.

"అద్దం నేకపోతే ఎనకాల ఎవుడొస్తన్నాడో ఎలగ తెలుస్తాది?"

"రేసులో అందరూ ముందే ఉంటారు పిన్నీ, నీ వెనకాల ఎవరూ ఉండరు."

అది నిజమే. ఆవిడ ఎప్పుడూ ఆఖరే. రేసు మొదలవగానే మిగతా కార్లన్నీ రయ్యిమని పోతుంటే ఆవిడ తీరుబడిగా పక్కకి జరిగి దారి ఇచ్చేది. "ఆళ్ళకేటి తొందర? సేపల బండి కూడా అంత బేగి ఎల్దు" అనేది. మలుపులో హారను కొట్టాలని ఎక్కడుందో వెతికేది. హారను లేదంటే, "ఓలప్పో! ఇంతింత మనుసులుండగా హారను నేకుండా తోల్తారా!" అని గట్టు మీద కూర్చున్న జనం కేసి చూపించేది. ఆ జనాన్ని తీసేస్తానంటే అస్సలు ఊరుకోలేదు. "ఆళ్ళని తీసీసినావంటే ఎవుల్ని గుద్దకుండా నేర్సుకోవాల?" అంది. చివరికి ఆలోచించి ఆవిడే సలహా ఇచ్చింది: "ఆకాశం తీసీ. ఆకాశం సూసుకుంతా బండెవుడు తోల్తాడు?" తీసేశాను. మబ్బులు, కొండలు, అన్నీ పోయి పైనంతా సున్నం కొట్టిన గోడలా అయింది. అయినా కారు తిరగడానికి ఆలోచిస్తూనే ఉంది.

పిన్ని మాత్రం ఆ కంప్యూటరు స్వభావం పట్టేసింది. తిప్పిన కాసేపటికి తిరుగుతుంది కాబట్టి, మలుపు రాకముందే తిప్పేయడం అలవాటు చేసుకుంది. గుద్దకుండా ఒక చుట్టు పూర్తి చేసిన రోజున అమ్మ చేత దిష్టి తీయించుకుంది. మర్నాడు బస్సుకి ఊరెళ్ళి, బాబాయ్‌ని బండి ఎక్కించి, ఒడ్డున ఇసక బాటలో నిజం బండి తోలింది. నేనూ వెళ్ళాను, గురువుని కదా. బండి చక్కగా కదిలింది. క్లచ్చి మీద కాలు బ్రహ్మాండంగా పడింది. ముందు మలుపుంది. మలుపు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే పిన్ని ధీమాగా స్టీరింగు తిప్పేసింది. బండి ఏమీ ఆలోచించుకోకుండా ఆ క్షణంలోనే తిరిగింది. తిరిగి, పక్కన పందిరి మీద ఆరబోసిన నెత్తళ్ళలోకి వెళ్ళిపోయింది. కర్రలు విరిగాయి, ఎండు నెత్తళ్ళు వానలా బండి అద్దం మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పందిరి తాలూకు ముసలావిడ తిట్టడానికొచ్చి, బాబాయ్ జుట్టు నిండా చేపలు చూసి నవ్వడం మొదలెట్టింది.

"మలుపు ఇంకా రాలేదు కదే!" అని బాబాయ్ అరిచాడు.

"కంపూటర్లో అలగే తిప్పాల!" అని పిన్ని అంతకన్నా గట్టిగా అరిచింది.

"కంపూటరేటి, దాని బొందేటి! సాలు. ఆదివారం గరివిడి నుంచి బళ్ళు కొనే బేరగాడొస్తాడు. బండి ఇచ్చీస్తాను."

పిన్ని కిందికి దిగి, ఇసకలో పడ్డ నెత్తళ్ళు ఒక్కొక్కటే ఏరి ముసలావిడ బుట్టలో వేస్తూ కూర్చుంది. తిరుగు బస్సులో నాకు కిటికీలోంచి ఏమీ కనిపించలేదు. బండి పోతే ఇక ఆవిడ రోజూ కండక్టరు ముక్కు మూసుకోవడం చూడాలి, లేదా చేపలు మానేయాలి. తప్పు ఆవిడది కాదు, ఆవిడకి తప్పు నేర్పిన యంత్రానిది, ఆ యంత్రం మా ఇంట్లోది.

ఇంటికి రాగానే నాన్నతో చెప్పాను, డబ్బా విప్పి చూస్తానని. ఆయనకి ముచ్చెమటలు పట్టాయి. ఆపరేషను గది బయట బంధువులా అటూ ఇటూ తిరిగాడు, చివరికి టార్చిలైటు తెచ్చి తనే పట్టుకున్నాడు. మరలు తీసి పక్క రేకు లాగితే, ముందు దుమ్ము రాలింది. తరవాత లోపల, ప్రాసెసరు మీద ఉండే చిన్న ఫ్యాను దగ్గర, నాకు అర్థం కానిదేదో కనిపించింది. రంగురంగుల పిట్టగూడులాంటిది. వేలు పెట్టి లాగితే దారం. ఎర్రది, దాని కింద చిలకపచ్చ, దాని కింద పసుపు. అమ్మ జాకెట్లు కుట్టి తెంపి పడేసిన దారాలన్నీ ఆ ఫ్యాను ఏళ్ళ తరబడి లోపలికి పీల్చుకుని మెడకి చుట్టుకుంది. పాపం అది తిరగలేక, లోపలి వేడి బయటికి పోలేక, ఆ వేడికి కంప్యూటరు తన పని తనే తగ్గించుకుంటోంది. అమ్మ వచ్చి వంగి చూసి, "అదిగో, ఈ నీలం ఎదురింటి కోడలి శ్రీమంతం జాకెట్టుది" అని గుర్తుపట్టింది. నాన్న అమ్మకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఆఫీసులో ఫైలు ఎవరి దగ్గర ఆగిందో తెలిసినప్పటి చూపు.

బ్లేడుతో దారాలు కోసి, దుమ్ము ఊది, రేకు మూయకుండా అలాగే వదిలేసి పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాం. ఆట పెట్టాను. కారు కదిలింది. చెట్టు దూరం నుంచి మెల్లగా దగ్గరికొచ్చి, పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. స్టీరింగు తిప్పగానే తిరిగింది. నేను కేక పెట్టాను. నాన్న టార్చి ఆర్పడం మర్చిపోయి, "ఒకసారి నేను..." అన్నాడు. అప్పటిదాకా ఇది ఆటలకి పుట్టలేదన్న మనిషి, ఆ పూట అన్నానికి లేవమంటే లేవలేదు.

మర్నాడు పిన్ని వచ్చి కూర్చుని మొదటి మలుపులోనే గోడకి కొట్టింది. రెండోదాంట్లో జనంలోకి వెళ్ళింది. "నా బండి పాడు సేసినారు మీరు! నిన్నటి దాకా ఎంత బాగున్నాది!" అని ఏడుపు మొహం పెట్టింది. ఇదే అసలు బండిలాంటిదనీ, నిన్నటిదాకా ఉన్నదే పాడైనదనీ నచ్చజెప్పడానికి నాకూ అమ్మకీ గొంతులు పోయాయి. ఆ వారమంతా అమ్మకం అవగానే పరుగున వచ్చేది, అన్నం స్టీరింగు దగ్గరే. తొందరపడి ముందే తిప్పబోయినప్పుడల్లా అమ్మ కుట్టు స్కేలుతో మెల్లగా చేతి మీద కొట్టేది. "ఇంకా రాలేదే... ఇంకా రాలేదే... ఇప్పుడు!" మిషను పలక టకటకమనేది, టేబుల్ ఫ్యాను గాలికి క్యాలెండరు కొట్టుకునేది. ఇప్పుడు నా దగ్గరున్న కంప్యూటరు మూత తీసేలోపే లేచి కూర్చుంటుంది, దాన్ని నేను ఒక్కదాన్నే వాడుకుంటాను. అప్పుడు ఆ ఒక్క ముసలి యంత్రం కదలడానికి ఇంట్లో నలుగురం చెయ్యి వేసేవాళ్ళం. ఏది మెరుగని ఎవరైనా అడిగితే కొత్తదే మెరుగంటాను, అబద్ధమెందుకు. కాని దీని చుట్టూ ఎవరూ మూగరు.

ఆదివారం బేరగాడు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, "నడిపి చూడాలి, డ్రైవరేడి?" అన్నాడు. పిన్ని చీరకొంగు నడుముకి చుట్టి డ్రైవరు సీట్లోకి ఎక్కింది. "కూకోండి. నేను సూపిస్తాను." ఆయన బాబాయ్ కేసి చూశాడు. బాబాయ్ నా కేసి చూశాడు. నేను సముద్రం కేసి చూశాను. బండి కదిలి ఇసక బాట పట్టింది. నెత్తళ్ళ ముసలావిడ ఎందుకైనా మంచిదని పందిరి ముందు నిలబడింది. మలుపు వచ్చింది, వచ్చాకే బండి తిరిగింది. ఊరు చుట్టి, గేదెల మందకి ఆగి, ఈసారి నిజంగా ఉన్న హారను తనివితీరా కొట్టి, మళ్ళీ ఇంటి ముందుకొచ్చి ఆగింది. ఆయన దిగుతూ, "బండి బాగుందమ్మా. చాలా బాగుంది" అన్నాడు.

"బాగున్నాది కదా," అంది పిన్ని, తాళం జాకెట్టులో దోపుకుంటూ. "మరి ఎందుకు అమ్ముతాం?"

లైసెన్సు వచ్చిన వారంలో ఆవిడ మొదటిసారి చేపలు తనే తోలుకుని శ్రీకాకుళం వచ్చింది. ముందు రోజే ఊరెళ్ళి పడుకున్న నేను వెనకాల టబ్బుల మధ్య కూర్చున్నాను, బాబాయ్ పక్క సీట్లో. దారి పొడుగునా ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కనిపించని రోడ్డుని చెవులతో వింటున్నట్టు కూర్చున్నాడు. బజారులో బండి ఆగగానే చేపలమ్మే ఆడవాళ్ళంతా తమ గంపలు వదిలేసి చుట్టూ చేరారు. పిన్నిని ముట్టుకుని చూశారు, స్టీరింగుని ముట్టుకుని చూశారు. అమ్మకాలయ్యాక వాళ్ళలో ఆ దారిన వెళ్ళేవాళ్ళు కొందరు ఖాళీ టబ్బులతో బండెక్కేశారు. బస్సు కోసం ఎవరూ చూడలేదు. వాళ్ళలో పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు, వెనక్కి ఎక్కలేకపోయింది.

పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి, "ఓ మావా, నువ్వు ఎనక్కి ఎల్లి కూకో. అప్పని ముందు కూకోనీ" అంది.

బాబాయ్ గొణుక్కుంటూ దిగి, తడుముకుంటూ వెనక్కి వచ్చాడు. నేను చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఆడవాళ్ళ మధ్య, తడి టబ్బు ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. బండి నాగావళి వంతెన దాటింది. గాలికి చేపల వాసన వెనక్కి కొట్టుకుపోతోంది. ఒకావిడ, "ఏటి బావా, నూకాలు ఇంత బాగా తోల్తన్నాది, ఎక్కడ నేర్సుకున్నాది?" అని అడిగింది.

బాబాయ్ మీసం సర్దుకున్నాడు. "ఎక్కడేటి? నేనే నేర్పినాను."

ముందు సీటుకీ మాకూ మధ్య ఉన్న కిటికీకి అద్దం లేదు, ఆ మాట పిన్నికి వినబడింది. ఆవిడ భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. బండి ఆపి, దిగి వచ్చి, ఆయన్ని అక్కడే రోడ్డు మీద దించేస్తుందనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. హారను ఒకటి కొట్టి, గేరు మార్చింది.